లీవులో ఉన్న చెంప

ఫోన్ మళ్ళీ మోగింది.

"ఎత్తకు," అంది సుజన.

"ఎత్తకపోతే ఇంటికే వస్తరు," అన్నాడు వెస్లీ.

"రానియ్యి. నువ్వు చేసిన పనికి శాలిబండ మొత్తం వచ్చి వాకిట్ల కూసున్నా తక్కువే."

వెస్లీ అక్క ముఖం చూడలేక ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు. బోర్లా పడ్డా అది ఊరుకోలేదు. కొట్టుకుంటూ కొట్టుకుంటూ బల్ల అంచుదాకా పాకింది. మంగళవారం నుంచి ఆ ఇంట్లో అలుపు లేకుండా మాట్లాడుతున్నది అదొక్కటే.

అన్నీ అభినందనలే. భిక్షపతి అన్న కొత్త గెటప్ కిర్రాక్ ఉన్నదని ఒకరు. మూతి గట్ల ఎట్ల తిప్పిండు, జర నేర్పుమనమని ఇంకొకరు.

వెస్లీ తీసిన వీడియో మహిమ అది. మంగళవారం పొద్దున చాయ్ తాగేటప్పుడు తీశాడు. అందులో వాళ్ళ నాన్న, టీవీ హాస్యనటుడు భిక్షపతి కప్పు ఎత్తుతాడు. చాయ్ పెదవి చివర నుంచి బనియన్ మీదికి కారుతుంది. ఎడమ చెంప తడిబట్టలా వేలాడుతుంటుంది. "ఏయ్, నా మూతి తిరుగుత లేదే," అంటాడు. వెంటనే కెమెరా వెనుక నుంచి ఒక ఆడమనిషి నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. "నిజంగనే చెప్తున్ననే," అంటాడాయన. నవ్వు ఇంకా పెద్దదవుతుంది.

ఆ నవ్విన మనిషి రాజమణి. భిక్షపతి భార్య.

ఆమె నవ్వును ఇప్పుడు నగరమంతా వింది. ఆ తర్వాత ఆమె గొంతును మాత్రం ఇంట్లో ఎవరూ వినలేదు. వేళకు మాత్రలిస్తోంది. మూసుకోని కంట్లో చుక్కలు వేస్తోంది. పడుకునే ముందు ఆ రెప్పను తనే వేలితో దించి పైన పట్టీ అంటిస్తోంది. మాట లేదు.

"అక్కా, తీసేస్త. వీడియో ఇప్పుడే తీసేస్త," అన్నాడు వెస్లీ.

"ఇప్పుడు తీస్తే ఏమొస్తది? పొద్దుగాల మూతి పోతే పొద్దుగూకినంక దవఖానకు తీస్కపోయినం. ఎందుకింత లేటని డాక్టర్ అడిగితే ఏం చెప్పినవ్ నువ్వు?"

డాక్టర్‌కు వెస్లీ ఏమీ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. మూతి తిరగడం లేదని నాన్న మొత్తుకుంటుంటే 'బాపూ, ఇంకొక్కసారి' అని అడిగామని డాక్టర్‌తో ఎలా చెప్పడం?

"నాకేం ఎరుక అక్కా? కూరగాయలకు పొమ్మంటే పాము కరిచిందని కిందపడి పొర్లిండు. మామ ఇంట్ల ఫంక్షన్‌కు రమ్మంటే గుండెనొప్పన్నడు. అంబులెన్స్‌కు ఫోన్ గూడ చేసినం. ఇంక నమ్మేదెట్ల?"

"గట్లనే ఉండాలెరా," అన్నాడు కిటికీ పక్క మంచం మీది నుంచి భిక్షపతి. "నమ్మించకపోతే ఆర్టిస్టు ఎట్లయిత?"

గ్లాసులో గొట్టం వేసుకుని, కుడి పక్క నుంచి చాయ్ పీలుస్తున్నాడు. ఎడమ కంటి నుంచి నీళ్ళు దానంతటదే కారుతున్నాయి. భుజం మీది తువ్వాలుతో తుడుచుకుంటూ అడిగాడు.

"ఎంతమంది చూసిన్రురా?"

"లక్షలు దాటింది బాపూ."

"చూడు మరి. మొత్తం ముఖం పనిచేసినన్ని రోజులు గింతమంది ఎన్నడన్న చూసిన్రా? సగం ముఖానికే గింత గిరాకి ఉన్నదని తెలిస్తే ఎప్పుడో మూసిపెడుదును."

సుజనకు నవ్వు రాబోయింది. పళ్ళు బిగబట్టింది. ఆ ఇంట్లో నవ్వు ఇప్పుడు నేరం.

"బాపూ, నువ్వు మాట్లాడకు. రెస్ట్ అన్నడు డాక్టర్. ఇయ్యాల టీవీవాళ్ళకు ఫోన్ చేసి చెప్పేస్త, రేపటి ప్రోగ్రామ్‌కు రాడని."

"చెప్పకు."

"ఎందుకు?"

భిక్షపతి జవాబు చెప్పేలోపు వాకిలి ముందు కారు ఆగింది. తలుపు తోసుకుని లోపలికి వచ్చిన అమ్మాయి చేతిలో స్వీటు డబ్బా ఉంది.

"సార్! మీరు మామూలు మనిషి కాదు సార్!"

ఆమె రచన. 'గమ్మత్ గల్లీ' కార్యక్రమానికి దర్శకురాలు. ప్రతి వారం భిక్షపతిని కండక్టర్ సీతారాంగా తెర మీదికి ఎక్కించేది ఆమే. రేపు సాయంత్రం ఆ కార్యక్రమం మొదటిసారి వేదిక మీద, వేలమంది ముందు, ప్రత్యక్ష ప్రసారం. అందులో సీతారాం బస్సు ప్రధాన ఆకర్షణ.

"మాకు కూడా చెప్పకుండా గెటప్ రెడీ చేశారు. మా ఆఫీసులో నిన్నటి నుంచి ఒక్కరూ పని చేయడం లేదు సార్, మీ వీడియోనే."

భిక్షపతి ఆమె వైపు తిరిగాడు. కిటికీ వెలుతురు ముఖం మీద పడింది.

రచన పకపకా నవ్వింది. చప్పట్లు కొట్టింది.

"ఇంట్లో కూడా తీయలేదా సార్! రాత్రింబవళ్ళు ప్రాక్టీసా! ఆ కన్ను... రెప్ప వేయకుండా ఎలా ఉంచుతున్నారు సార్, అసలు..."

ఆగింది.

సుజన నేల చూస్తోంది. వెస్లీ గోడ చూస్తున్నాడు. గ్లాసులో గొట్టం. కిటికీ గట్టు మీద మాత్రలు, కంటి చుక్కల సీసా, పట్టీ చుట్ట. ఆ కంటి నుంచి ఆగకుండా కారుతున్న నీరు.

నవ్వు ఆమె ముఖంలో ఒక్కసారిగా పోలేదు. ముందు కళ్ళలోంచి, తర్వాత పెదవుల మీది నుంచి దిగింది. భిక్షపతి దాన్ని చివరిదాకా చూశాడు. జీవితమంతా ఇతరుల ముఖాల మీద నవ్వు ఎక్కడం చూసినవాడు, దిగడం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"సార్... ఇది..."

"గెటప్పే బిడ్డా. తీసేటోడే దొరుకుత లేడు."

డాక్టర్ చెప్పిందంతా సుజన చెప్పింది. పక్షవాతం కాదు. ముఖం నరం వాచింది. చాలామందికి తిరిగి వస్తుంది. వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. కొందరికి పూర్తిగా రాకపోవచ్చు.

"నేను నవ్వాను సార్," అంది రచన.

"అందరు నవ్విన్రు."

వంటగదిలో ఉల్లిగడ్డ తరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ మొదలవడానికి చాలాసేపు పట్టింది.

"రేపటి గురించి మీరేమీ పెట్టుకోకండి సార్," అంది రచన కళ్ళు తుడుచుకుని. "వేరే ఆర్టిస్టుతో నడిపిస్తాను. మీ పాత బిట్స్ వేద్దాం. హాల్లో అందరినీ లేచి నిలబడమని, మీరు త్వరగా కోలుకోవాలని ఒక నిమిషం..."

"నేను సచ్చిన్నా?"

"అయ్యో, సార్!"

"మరి నిలబడుడెందుకు? నా ప్రోగ్రామ్‌ల జనం పడి దొర్లాలె గాని నిలబడుడేంది?"

వెస్లీ మెల్లగా అన్నాడు. "బాపు చేయగలుగుతడు మేడమ్. జనం ఎట్లాగూ గెటప్ అనుకుంటున్రు. గట్లనే అనుకోనిస్తే..."

"చుప్!" అంది సుజన. "రోగాన్ని గెటప్ అని అమ్ముతవా? రేపు నిజం బయటపడితే ఆ నవ్వినోళ్ళంత మన ముఖాన ఉమ్మేస్తరు."

"ఆమె చెప్పింది నిజం," అన్నాడు భిక్షపతి. తర్వాత రచన వైపు చెయ్యి చాపాడు. "ఇటు చూడు బిడ్డా. వాకిట్ల నిలబడి నవ్వినవ్. ఇప్పుడు ఏడుస్తున్నవ్. నా ముఖం గదే గదా? మధ్యల ఏం మారింది?"

రచన కళ్ళు కిటికీ గట్టు మీది మాత్రల వైపు వెళ్ళాయి.

"నీకు తెలిసింది. గంతే మారింది. నరం సంగతి డాక్టర్ చూసుకుంటడు. నువ్వు నవ్వుడు ఆపినవ్ చూడు, గదీ నా రోగం. దానికి మందు నేనే చూసుకోవాలె."

"అంటే?"

"ముందుగాల జనానికి చెప్త. రోగమని చెప్త. చెప్పినంక నవ్విస్త. రేపు నాకు స్టేజీ ఇయ్యి."

రచన తల అడ్డంగా ఊపింది. ప్రత్యక్ష ప్రసారమంది. పెద్దవాళ్ళు ఒప్పుకోరంది. ఒక్క కన్ను తడిగా, ఒక్క కన్ను పొడిగా ఆయన ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

చివరికి ఆమే ఓడింది.

"ఒక్క షరతు సార్. నేను స్టేజీ పక్కనే చెయ్యెత్తి నిలబడతాను. మీ మొదటి ముక్క అయ్యేలోపు హాల్లో నవ్వు పుట్టకపోతే చెయ్యి దించుతాను. దించితే ప్రకటనలు. తర్వాత వేరే ఆర్టిస్టు వస్తాడు. కోట్లమంది మిమ్మల్ని చూసి జాలిపడుతుంటే నేను కెమెరా తిప్పుతూ ఉండలేను."

"మంచి మాట."

ఆమె వెళ్ళిపోయింది. స్వీటు డబ్బాను ఎవరూ ముట్టుకోలేదు.

* * *

"నీకు ఇజ్జత్ కావాల్నా, చప్పట్లు కావాల్నా బాపూ?" అంది సుజన, తలుపు వేసి.

"రెండు ఒక్కదగ్గరనే దొరికినయ్ నాకు. వేరేగ ఎట్ల అడుగుతరో తెల్వదు."

అది నిజమేనని సుజనకు తెలుసు.

చాలా ఏళ్ళ కిందట, కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసే కుర్రవాడికి, చర్చిలో క్రిస్మస్ నాటకంలో ఒకే ఒక్క మాట ఇచ్చారు. సత్రం యజమాని వేషం. మరియ, యోసేపు వచ్చి తలుపు తడతారు. "జాగా లేదు" అని తలుపు వేసేయాలి. అంతే వేషం.

భిక్షపతి తలుపు తీశాడు. జాగా లేదన్నాడు. వేశాడు. మళ్ళీ తీశాడు. "ఆగుర్రి, ఒకసారి లోపల చూసొస్త," అని వెళ్ళాడు. దుప్పటి, దిండు చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. "నిజంగనే లేదమ్మా. నేనే బయట పండుకుంటున్న," అన్నాడు.

నవ్వులకు చర్చి పైకప్పు ఎగిరిపోయింది. కోపంతో లేచిన పాస్టరు గారు కూర్చుని నవ్వారు. మరియ వేషం కట్టిన అమ్మాయి నవ్వి నవ్వి చేతిలోని మూటను కింద పడేసింది.

ఆ అమ్మాయే రాజమణి. సత్రం యజమాని మరియమ్మను ఎత్తుకుపోయాడని ఆ చర్చిలో పాతవాళ్ళు ఇప్పటికీ అంటారు.

తర్వాత ఫ్యాక్టరీ క్యాంటీన్ బల్లలు ఆయనకు వేదికయ్యాయి. షిఫ్టు దిగినవాళ్ళు ఇంటికి పోకుండా నిలబడి చూసేవాళ్ళు. ఆ తర్వాత ఊరూరా నాటక పోటీలు. పగలంతా కొలిమి, సాయంత్రమంతా రిహార్సలు. కనుబొమలు కాలిపోయి ఉంటే బొగ్గుతో దిద్దుకుని స్టేజీ ఎక్కేవాడు. ఆలస్యంగా, జుట్టు నెరిశాక, టీవీ పిలిచింది. అప్పుడు పుట్టాడు కండక్టర్ సీతారాం. కిటకిటలాడే బస్సులో ప్రతి ప్రయాణికుడి ఇంటి లొల్లీ తీర్చి, ఒక్కరికీ టికెట్ కొట్టడం మరిచిపోయే కండక్టర్. "జరుగుర్రి, జరుగుర్రి, ముందల మస్తు జాగా ఉన్నది" అన్న ఆయన మాట విననిదే పురానాపూల్ దాటి బస్సు కదలదని జనం చెప్పుకుంటారు.

జాగా లేదన్న మాటతో మొదలైనవాడు జాగా ఉందంటూ బతికాడు. ఎవరినీ కించపరచలేదు. కుంటివాడి మీద, గుడ్డివాడి మీద ఒక్క జోకు వేయలేదు. ఎవరైనా రాసిస్తే చింపేవాడు. ఇప్పుడు తన ముఖమే ఆ జోకైంది.

"సరే," అంది సుజన. ఆమెకు ఒక ఉపాయం తట్టింది. "మన ఇంటి కాయిదా ఉన్నది గదా. అమ్మ నవ్వితే పో. నవ్వకపోతే ఇంట్ల కూసో."

భిక్షపతి కుడి చెంప కూడా కదలడం మానేసింది.

ఆ నియమం ఆయన పెట్టిందే. ఏ కొత్త ముక్కయినా ముందు రాజమణికి వినిపించాలి. ఆమె వంటగదిలో జొన్నరొట్టెలు కొడుతూ ఉంటుంది, వీపు ఇటు తిప్పి. ముఖం చూడకుండా నవ్వితేనే ఆ ముక్కలో సరుకున్నట్టు. ఆమె నవ్వు పైకి వినపడనవసరం లేదు. నవ్వు వస్తే ఆమె చేతులు ఆగుతాయి. రొట్టె చప్పుడు ఆగితే ముక్క పాసైనట్టు. ఆగకపోతే చింపేయాల్సిందే. ఆ పరీక్ష దాటకుండా ఆయన ఏనాడూ స్టేజీ ఎక్కలేదు.

సుజన చాలా తెలివైన తాళం వేసింది. మంగళవారం నవ్వినందుకు నోరు మూసుకున్న మనిషి, ఇక ఈ జన్మలో నవ్వదని ఆమెకు తెలుసు.

* * *

సాయంత్రం పొయ్యి వెలిగింది. పీట మీద పిండి పడింది.

ధప్. ధప్. ధప్.

భిక్షపతి వంటగది గడప దగ్గర నిలబడ్డాడు. వెనుక పిల్లలిద్దరూ గోడకు ఆనుకుని ఉన్నారు.

"రాజమణీ, రేపటి ముక్క చెప్త. కాయిదా ప్రకారం ఇటు తిరగొద్దు."

ధప్. ధప్.

ఆయన గొంతు మారింది. ఆ మూడడుగుల గడప మీదికి బస్సు వచ్చింది.

"జరుగుర్రి, జరుగుర్రి. అమ్మా, ఏంది గట్ల చూస్తున్నవ్? నా ముఖమా? ఎడమ పక్కోడు చెప్పకుంట లీవు పెట్టిండమ్మా. కుడి పక్కోడు డబల్ డ్యూటీ కొడుతున్నడు. నవ్వాల్నన్నా వాడే, నమలాల్నన్నా వాడే, నిన్ను టికెట్ అడగాల్నన్నా వాడే. జీతం మాత్రం ఇద్దరికి సమానం."

ధప్. ధప్.

కొన్ని మాటలు పెదవుల మధ్య గాలిగా జారిపోతున్నాయి. జారినచోట ఆయన ఆగి, కుడి పక్క నుంచి మళ్ళీ పట్టుకుంటున్నాడు. వెస్లీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రొట్టె చప్పుడు తప్పలేదు.

ఆయన ఇప్పుడు ఒక గయ్యాళి ప్రయాణికురాలయ్యాడు. "ఏందయ్యా, కన్ను కొడుతున్నవ్?"

మళ్ళీ సీతారాం. "కొడుతలేనమ్మా! నేను రెండు మూస్తున్న. ఒకటి మూసుకుంట లేదు."

"మా ఆయన పక్కన ఉండంగనే కొడుతవా?"

"ఆయనకు గూడ గట్లనే కొట్టినమ్మా. అడుగు. ఆయనేమనలే."

ధప్.

ఒక్క క్షణం.

ధప్. ధప్.

"అంతే. ఆమె చెయ్యెత్తి లాగి ఒక్కటిచ్చింది. ఎడమ చెంప మీద." భిక్షపతి ఆగాడు. సీతారాం దిగిపోయాడు, మనిషి మిగిలాడు. "గిందాకనే వచ్చింది రాజమణీ. ముందల తోస్త లేదు."

ధప్. ధప్. ధప్.

పిండి పలచబడి అంచులు చిట్లాయి. అయినా కొడుతూనే ఉంది. భిక్షపతి తువ్వాలుతో కన్ను తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగాడు. ఒక అడుగు వేశాడు.

"ఏ చెంప మీద కొట్టింది?"

ముగ్గురూ నిలబడిపోయారు. మంగళవారం తర్వాత ఆ గొంతు వినడం అదే మొదలు.

"ఎడమ," అన్నాడు భిక్షపతి.

"తప్పు," అంది రాజమణి, వీపు తిప్పకుండానే. "ఎడమోడు లీవుల ఉన్నడని ఇప్పుడే గదా చెప్పినవ్? లీవుల ఉన్నోన్ని కొడితే ఊకుంటవా? కండక్టర్‌వి నువ్వు. 'అమ్మా, గది లీవుల ఉన్న చెంప. కొట్టాల్నంటే డ్యూటీల ఉన్నోన్ని కొట్టు' అని నువ్వే ఇటు తిప్పాలె..."

మాట పూర్తి కాలేదు.

చప్పుడు ఆగింది.

ఆమె చేతులు పిండి మీద అలాగే ఉన్నాయి. పొయ్యి మీద పెనం పొగలు కక్కుతోంది. ఎవరూ వెళ్ళి దించలేదు.

"ఆగినయ్," అన్నాడు భిక్షపతి, మెల్లగా.

"నవ్విన!" గిర్రున తిరిగింది రాజమణి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు మీద పిండి. "మల్ల నవ్విన. సిగ్గు లేదు నాకు. నీ మూతి పోతే పడి పడి నవ్విన. ఊరందరు విన్నరు. మొన్న పాస్టరమ్మ ఫోన్ చేసి, 'నీ నవ్వు మస్తున్నదక్కా' అంటది. ఏం చెప్పాలె ఆమెకు? నా మొగడు మొత్తుకుంటుంటే నవ్విన అని చెప్పాల్నా?"

"మంగళవారం తెల్వక నవ్వినవ్."

"తెల్వక నవ్వినా నవ్వే గదా."

"కాదు. ఇయ్యాల తెలిసి నవ్వినవ్. రెండు ఒకటి కాదే. గా నవ్వు ముఖానిది. గీ నవ్వు నాది."

రాజమణి కొంగుతో ముఖం తుడుచుకుంది. పిండి ముక్కు మీద నుంచి చెంపకు పాకింది. గొంతు తగ్గించి అడిగింది.

"నేనొక్కదాన్ని. ఆడ హాలు నిండ ఉంటరు. ఎవరన్న 'అయ్యో పాపం' అన్నరనుకో. ఏం జేస్తవ్?"

ఈలలు వేసినవాళ్ళకు భిక్షపతి జవాబిచ్చాడు. గుడ్లు విసిరినవాళ్ళకు జవాబిచ్చాడు. ఆ ఒక్క మాట ఆయన స్టేజీ మీద ఏనాడూ వినలేదు.

"తెల్వదు."

"తెల్వకుంటనే ఎక్కుతవా?"

"నువ్వు తెర పక్కన నిలబడు. వీపు ఇటు తిప్పి."

సుజన వెళ్ళి మాడుతున్న పెనాన్ని దించింది. తండ్రి ఖాకీ చొక్కాను ఇస్త్రీ చేయడానికి తీసుకుంది.

* * *

మర్నాడు సాయంత్రం, హాలు నిండింది. ఈలలు. కేకలు. ఖాకీ చొక్కా, తోలు సంచి, చేతిలో టికెట్ మిషన్‌తో సీతారాం వేదిక మీదికి రాగానే జనం ఆ ముఖాన్ని చూసి పగలబడ్డారు. వీడియోలో చూసిన గెటప్! ఆ నవ్వును అలాగే ఉంచుకుంటే చాలు. ఆయన గెలిచినట్టే.

భిక్షపతి చెయ్యెత్తి ఆపాడు.

"ఇది గెటప్ కాదు. నాకు ముఖం నరం వాచింది. ఎడమ పక్క పనిచేస్త లేదు. మీరు నవ్విన్రు, మా ఇంటోళ్ళు నవ్విన్రు. తప్పు లేదు, మీకు గట్ల నేర్పింది నేనే. దాచుడెందుకని చెప్పిన. ఇగ బస్సు తీస్త."

నవ్వు ఆరిపోయింది. అంత పెద్ద హాల్లో కుర్చీ కదిలిన చప్పుడు లేదు.

వేదిక పక్కన రచన చెయ్యి పైకి లేచింది. ఆమెకు కాస్త అవతల, తెర దగ్గర, రాజమణి. చీర కొంగు భుజం చుట్టూ బిగించి, వీపు ఇటు తిప్పి.

సీతారాం విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. కుడి మూల నుంచి ఊదితే ఇంట్లో బాగానే మోగింది. ఇక్కడ మోగలేదు. గాలి ఎడమ పక్క నుంచి తప్పించుకుంది. మైకులో ఉస్సుమంది.

ఎవరూ నవ్వలేదు.

"ఎడమ పక్కోడు చెప్పకుంట లీవు పెట్టిండు..."

ముందు వరుసలో ఒకాయన పెదవి కదిలింది. పక్కావిడ వైపు చూసి, వెంటనే సర్దుకున్నాడు. నవ్వు లేక కాదు. నవ్వితే పాపమేమోనని భయం. హాలంతా అదే భయం. భిక్షపతి దాన్ని వేడిగాలిలా ముఖం మీద అనుభవించాడు, కొలిమి తలుపు తెరిచినప్పటిలా.

"జీతం మాత్రం ఇద్దరికి సమానం."

రచన వేళ్ళు బిగుసుకున్నాయి. కళ్ళు మూసుకుంది.

అప్పుడు వినపడింది. మూడో వరుస నుంచి, ఒక పెద్దావిడ గొంతు. గుండె లోతుల్లోంచి.

"అయ్యో పాపం!"

తెర దగ్గర రాజమణి వీపు కొయ్యలా బిగిసింది.

భిక్షపతి వేదిక అంచుకు వచ్చాడు. రాసుకున్నదాంట్లో ఇది లేదు. వెలుతురు వదిలేసి, మెట్లు దిగి, జనంలోకి నడిచాడు. కెమెరామన్ తడబడి వెంటపడ్డాడు. మూడో వరుస దగ్గర ఆగి, కండక్టర్ వంగినట్టు వంగి, టికెట్ మిషన్ ముందుకు చాపాడు.

"ఏడికమ్మా?"

ఆవిడ అదిరిపడింది. "నేనా? నేను... శాలిబండ."

"ఒక శాలిబండ," అని మీట నొక్కి, తలెత్తి ఆవిడను చూశాడు. రెప్ప వేశాడు.

కుడి కన్ను మూసుకుని తెరుచుకుంది. ఎడమ కన్ను తెరిచినది తెరిచినట్టే ఉంది.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. ఆయన మళ్ళీ రెప్ప వేశాడు. ఆవిడ ఒళ్ళోని సంచిని తీసి చంకలో పెట్టుకుంది. ఆ ముఖంలోంచి జాలి మెల్లగా దిగిపోయింది. దాని చోటికి ఇంకేదో ఎక్కుతోంది.

"ఏందయ్యా," అంది ఆవిడ, ఎదురుగా మైకున్న సంగతి మరిచి. "కన్ను కొడుతున్నవ్?"

ఆ మాట ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

తెర పక్కన రాజమణి, ఇన్నేళ్ళ కాయిదా తప్పి, గిర్రున ఇటు తిరిగింది. రచన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

భిక్షపతి ఇంకొంచెం వంగాడు. డ్యూటీలో ఉన్న చెంపను ఆవిడ చేతికి అందేలా పెట్టాడు.